ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పాత రైళ్లు, ట్రాములు: అమ్మానాన్నలతో మూడు రోజులు సరిపోతాయా?

గోదారిగట్టు
మేం మాంచెస్టర్ దగ్గర ఉంటాం. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారు, అక్టోబర్‌లో తిరిగి వెళ్తారు. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. లండన్ చూపించాం, కోటలు చూపించాం, సరస్సులు చూపించాం. అన్నిటికీ "బాగుందమ్మా" అంటారు, అంతే. మొన్న టీవీలో ఐల్ ఆఫ్ మ్యాన్ (ఇంగ్లండ్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య ఉన్న దీవి) బొగ్గింజన్ కనబడితే మాత్రం భోజనం మధ్యలో లేచి నిలబడి చూశారు. కంచంలో అన్నం చల్లారిపోయింది. అప్పట్నుంచి నాకు అదే ధ్యాస.
సెప్టెంబర్ రెండో వారంలో మూడు రోజులు అనుకుంటున్నాను. మా వారేమో "నాలుగు పాత పెట్టెల కోసం సముద్రం దాటడం ఎందుకు, ఆ డబ్బుతో స్కాట్లాండ్ వెళ్దాం" అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఓడంటే భయం, పైగా శాకాహారం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. వీసా విడిగా కావాలా?

మైదుకూరు_మొనగాడు
మీ వారు చెప్పిందే కరెక్ట్. నేను ఒక్కరోజు వెళ్లొచ్చాను. పొద్దున దిగి కొండ రైలెక్కాను, పైన మంచు తప్ప ఏమీ కనపడలేదు. కిందికొచ్చి టీ తాగి మళ్లీ ఎయిర్‌పోర్టు. ఇలాంటి రైలు కావాలంటే మనకి ఊటీ లేదా?

లివర్‌పూల్_శీను
మొనగాడు గారూ, ఒక్కరోజులో వెళ్లొస్తే ఆ దీవిలో మిగిలేది టీయే. అక్కడ చూడాల్సింది రైలు తీసుకెళ్లే చోటు కాదు, రైలే.
అక్కా, నేను రెండుసార్లు వెళ్లాను, రెండోసారి మా నాన్నతో. వీసా విడిగా అక్కర్లేదు, యూకే వీసా మీద వెళ్లొచ్చు. పాస్‌పోర్టులు మాత్రం దగ్గర పెట్టుకోండి. ఇంగ్లండ్‌లోని హేషమ్ రేవు నుంచి ఆ దీవి రాజధాని డగ్లస్‌కి ఓడలో దాదాపు నాలుగు గంటలు.
మూడు రోజులు సరిపోతాయి, కానీ ఒక్కో రోజు ఒక్కో లైనుకి ఇవ్వండి. డగ్లస్ నుంచి దక్షిణంగా పోర్ట్ ఎరిన్ వరకు పొగబండి, 1874 నుంచి నడుస్తోంది, పాతిక కిలోమీటర్లకి గంట పడుతుంది. ఉత్తరంగా రామ్సే వరకు కరెంటు ట్రాము, సుమారు 27 కిలోమీటర్లు, గంటంబావు. ఆ దారి మధ్యలో లాక్సీ అనే ఊరు వస్తుంది. అక్కణ్నుంచి స్నేఫెల్ కొండ మీదికి ఇంకో రైలు. డగ్లస్ సముద్రపొడ్డున గుర్రపు ట్రాము. రైళ్లకీ బస్సులకీ కలిపి రోజుల లెక్కన ఒకే కార్డు ఇస్తారు, గో ఎక్స్‌ప్లోర్ అంటారు. అది తీసుకుంటే టికెట్ లెక్కలు చూసుకోకుండా ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు.
పోర్ట్ ఎరిన్ వెళ్లేటప్పుడు ఎడమవైపు, రామ్సే వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి. సముద్రం అటు ఉంటుంది.

బోల్టన్_అమ్మ
మోకాళ్ల సంగతి నేను చెప్తాను, నావీ అలాంటివే. ట్రాము మెట్టు ఎత్తుగా ఉంటుంది. చుట్టూ తెరిచి ఉండే వేసవి బండ్లకి పక్కన పొడవుగా ఒక చెక్క ఉంటుంది, దాని మీద కాలు పెట్టి ఎక్కాలి. అది నాకు కష్టమైంది. మూసి ఉండే బండి అయితే చివర్లో మెట్లుంటాయి, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. దాన్నే చూసి ఎక్కండి, చలి కూడా తగలదు. రైల్లో గానీ ట్రాములో గానీ టాయిలెట్లు ఉండవు, స్టేషన్లోనే పని చూసుకోవాలి. పొగబండిలో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వెళ్లే దారి కూడా ఉండదు. ఏ గదికి ఆ గదికి విడిగా తలుపు.

పాలకొల్లు_పాప
తిండి? వాళ్లు శాకాహారులన్నారుగా.

బోల్టన్_అమ్మ
పులిహోర కలిపి పట్టుకెళ్లాను. రెండో రోజుకి బాగా ఊరి ఇంకా బాగుంది. బండిలో డబ్బా మూత తీస్తే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ వాసనకి నవ్వుతూ చూసింది, ఒక గరిటెడు పెట్టాను. కరివేపాకు ఏంటని అడిగింది.

బొగ్గింజన్
ఊటీతో పోల్చారు కాబట్టి చెప్తున్నాను, ఆ రెండూ వేరు. నీలగిరి రైలుకి పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది, ఇంజన్ కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. స్నేఫెల్‌లో పళ్లు లేవు. మామూలు చక్రాలతో, కరెంటు మోటార్ల బలంతోనే ఎక్కుతుంది. పన్నెండు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, అంత వాలు. పట్టాల మధ్య ఇంకో పట్టా కనిపిస్తుంది. అది ఎక్కడానికి కాదు, ఆపడానికి. దిగేటప్పుడు రెండు వైపుల నుంచీ బ్రేకు దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఫెల్ పద్ధతి అంటారు. అది కనిపెట్టిన జాన్ ఫెల్ కొడుకే ఈ లైను వేయించడంలో ఉన్నాడు. 1895లో మొదలైంది. ఇప్పటికీ ఆనాటి బండ్లే. 1970లలో జర్మనీలోని ఆకెన్ ఊరి పాత ట్రాముల మోటార్లు తెచ్చి వీటికి బిగించారు, పైన చెక్క పెట్టె మాత్రం మొదటిదే. ఒకటి 1970లో కాలిపోతే తిరిగి కట్టారు.
ఇంకో విశేషం. పొగబండి లైనులో కాలెడోనియా అని ఒక ఇంజన్ ఉంది, 1885 నాటిది. స్నేఫెల్ లైను వేసేటప్పుడు సామాన్లు మోసింది అదే. రెండు లైన్ల పట్టాల వెడల్పు వేరు, ఇక్కడ మూడడుగులు, కొండ మీద మూడున్నర. అందుకని తాత్కాలికంగా ఇంకో పట్టా పరిచి మరీ నడిపారు. నూరేళ్ల పండగకి 1995లో దాన్నే మళ్లీ కొండెక్కించారు. తాను కట్టిన దారి మీద వందేళ్ల తర్వాత మళ్లీ నడిచిన ఇంజన్ అది. నాకు ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

మైలాపూర్_తెలుగోడు
1895 అంటే మా మద్రాసులో కరెంటు ట్రాములు మొదలైన సంవత్సరం! మా తాతగారు గూడూరు నుంచి చదువుకోవడానికి వచ్చి ట్రాములోనే తిరిగారట. 1953లో ఆపేశారు. ఇప్పుడు మద్రాసులో ఆ పట్టా ముక్క ఎక్కడైనా చూపించమంటే చూపించలేను. ఒకే ఏడు పుట్టినవాటిలో ఒకటి ఇంకా కొండెక్కుతోంది.

గోదారిగట్టు
నాన్నకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. బొగ్గింజన్ గారూ, "ఆపడానికి వేరే పట్టానా!" అని కాగితం మీద బొమ్మ గీసి నాకు వివరిస్తున్నారు. అయితే ఆయనకి ఒక అనుమానం. ఇవి నిజంగా ఆనాటి బండ్లేనా, లేక ఆనాటి వేషం వేసిన కొత్త బండ్లా?

బొగ్గింజన్
నిజమైనవే. రామ్సే లైనులో 1, 2 నంబర్ల ట్రాములు 1893 నాటివి. తాము పుట్టిన లైను మీదే ఇంకా నడుస్తున్న ట్రాముల్లో ప్రపంచంలోనే పాతవిగా గిన్నిస్ వాళ్లు కూడా గుర్తించారు. అవి రోజూ బయటికి రావు, ఎక్కువగా విశేష దినాల్లో నడుపుతారు. 1899 నాటి మూసిన ట్రాములు మాత్రం రోజువారీ పనిలోనే కనిపిస్తాయి. కరెంటు 550 వోల్టులు, పైన తీగకి ఒకే ఒక కర్ర ఆనుకుని ఉంటుంది. పొగబండి ఇంజన్లలో ఎక్కువ భాగం మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ వాళ్లు చేసినవి, అంటే మీ ఊరివే అక్కా. అరిగిన భాగాలు, బాయిలర్లు మారుస్తూనే ఉంటారు. నూట యాభై ఏళ్లు పనిచేసే యంత్రానికి అది తప్పదు.

కొత్తగూడెం_కుర్రాడు
బాయిలర్ మార్చి, చక్రాలు మార్చి, చెక్కలు మార్చాక అది పాత ఇంజన్ ఎట్లా అయితది? పేరు పలక తప్ప ఏముంది?

బొగ్గింజన్
మా ఊళ్లో గుడి రథానికి చక్రాలు మార్చారు, ఇరుసు మార్చారు. అది మా తాతలు లాగిన రథమే అంటాం కదా. మ్యూజియంలో పెడితే ఒక్క బోల్టు మార్చక్కర్లేదు. కానీ అది నడవదు.

కొత్తగూడెం_కుర్రాడు
రథం మాట ఒప్పుకుంటున్న అన్నా.

వరంగల్_వాణి
నాకు గుర్రపు ట్రాము విషయంలో బాధగా ఉంది. ముప్పై మంది కూర్చున్న బండిని ఒక్క గుర్రంతో లాగించి, మనం ఫొటోలు దిగడమా? ఈ కాలంలో అవసరమా? నేనైతే ఎక్కను.

లివర్‌పూల్_శీను
వాణి గారూ, నేనూ అదే అనుకుని మొదటిసారి ఎక్కలేదు. తర్వాత వాళ్ల లాయం దగ్గరికి వెళ్లి చూశాను. దారి చదును, ఇనుప పట్టా మీద బండి కదిలాక బరువు చాలా తక్కువ తెలుస్తుంది. ఒక్కో గుర్రానికి రోజుకి కొన్ని ట్రిప్పులే, తర్వాత విశ్రాంతి. అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకోటి. ఒకప్పుడు పని అయిపోయిన గుర్రాలని కబేళాకి అమ్మేవాళ్లు. అది ఆపాలని 1950లో డగ్లస్ బయట కొండ మీద ముసలి గుర్రాలకి ఒక ఆశ్రమం పెట్టారు. పచ్చిక బయలు, కింద సముద్రం. రిటైరైన ట్రాము గుర్రాలు చివరిదాకా అక్కడే ఉంటాయి. మనం వెళ్లి మేత పెట్టొచ్చు.

వరంగల్_వాణి
ఆ ఆశ్రమానికి వెళ్తాను, ట్రాము మాత్రం ఎక్కను. నా మనసు ఒప్పుకోదు. మీరు చెప్పినందుకు సంతోషం.

బోల్టన్_అమ్మ
గుర్రపు ట్రాము గురించి ఒక జాగ్రత్త. 1876లో మొదలైన ఈ బండి ఒకప్పుడు మొత్తం తీరం వెంబడి, ఓడరేవు దాకా వెళ్లేది. రోడ్డు తిరిగి వేశాక సగం దూరంలోనే, బ్రాడ్‌వే దగ్గర ఆగిపోతోంది. పొగబండి స్టేషన్ ఊరికి ఈ చివర, కరెంటు ట్రాము స్టేషన్ ఆ చివర, మధ్యలో సుమారు మూడు కిలోమీటర్లు. ఇది తెలియక పెట్టె లాక్కుంటూ నడిచాను, మోకాలు వాచింది. మీరు బస్సెక్కండి.

నౌపడా_చిన్నబండి
ఈ చర్చ చదువుతుంటే గుండె బరువెక్కింది. మాది టెక్కలి దగ్గర. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే చిన్నబండి మా ఇంటి వెనకే వెళ్లేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు. అమ్మమ్మ ఊరికి దాని మీదే వెళ్లేవాళ్లం. మలుపులో నెమ్మదిస్తే కుర్రాళ్లు దిగి, రేగుపళ్లు కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లు. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. ఆ ఇంజన్ల కూత వేరు, సన్నగా ఉండేది. మా పిల్లలకి వినిపిద్దామంటే ఎక్కడుంది?
ఆ దీవి వాళ్లకి ఉన్న పట్టుదల మనకి ఎందుకు లేకపోయింది?

కొత్తగూడెం_కుర్రాడు
అన్నా, కోపం రావద్దు. పెద్ద లైను వచ్చినంక విశాఖకి ఆసుపత్రికి పోయేటోళ్లకి, చదువుకునే పిల్లలకి సౌకర్యం అయింది కదా? చిన్నబండి గంటకి ఎన్ని కిలోమీటర్లు పోయేది? అందమైన జ్ఞాపకం కోసం జనం నెమ్మదిగా పోవాలా?

నౌపడా_చిన్నబండి
కోపం ఎందుకు తమ్ముడూ, నువ్వన్నది నిజమే. మా నాన్నని గుండెనొప్పితో విశాఖ తీసుకెళ్లింది ఆ పెద్ద రైల్లోనే. పెద్ద లైను వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఒక పది కిలోమీటర్ల చిన్న లైను ఎక్కడైనా పక్కన మిగిలితే బాగుండేదని, అంతే.

లివర్‌పూల్_శీను
ఆ దీవి కూడా అన్నీ నిలబెట్టుకోలేదండీ. మొట్టమొదటి లైను డగ్లస్ నుంచి పీల్ ఊరికి, 1873. అది 1968లో పోయింది. రామ్సేకి వెళ్లే పొగబండి లైనూ అప్పుడే పోయింది. పీల్ లైను పట్టాలు తీసేసిన దారిలో ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. నేను నడిచాను. వంతెనలు అలాగే ఉన్నాయి, పైన పట్టాలే లేవు.
కరెంటు ట్రాము కంపెనీ ఇక నడపలేనంటే 1957లో అక్కడి ప్రభుత్వం తీసుకుంది. మిగిలిన పొగబండి లైనుని 1970లలో కొంది. సుమారు 85 వేల మంది ఉండే దీవి అది. వాళ్ల పన్ను డబ్బుతోనే ఇదంతా నడుస్తోంది. నష్టం ఎందుకని అక్కడా గొడవ పడతారు. గొడవ పడుతూనే నడుపుతున్నారు.

పాలకొల్లు_పాప
లాక్సీలో పెద్ద నీటిచక్రం ఉందట కదా, చూడదగ్గదేనా?

బోల్టన్_అమ్మ
తప్పకుండా. ఎర్రరంగు చక్రం, 22 మీటర్ల ఎత్తు, 1854లో కట్టారు. పేరు లేడీ ఇసబెల్లా, అప్పటి గవర్నర్ భార్య పేరు. గనుల్లో ఊరే నీళ్లని తోడటానికి పెట్టారు. స్టేషన్ నుంచి పావుగంట నడక, కొంచెం ఎక్కుడు. కింద నిలబడి చూస్తే చాలు, పైకి మెట్లెక్కే పని పెట్టుకోకండి. అలాగే ధూన్ లోయలో జలపాతం అని ఎవరైనా చెప్తే అమ్మగారిని తీసుకెళ్లకండి. దిగడం బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు ఏడుపొస్తుంది.

లివర్‌పూల్_శీను
మర్చిపోయాను. ఆదివారం కలిసొస్తే గ్రౌడిల్ లోయలో రెండడుగుల పట్టాల బుల్లి రైలు చూడండి. ఎక్కువగా ఆదివారాలే నడుస్తుంది. 1896లో సముద్రపొడ్డున జంతువులని చూపించడానికి వేశారు, అందుకే ఇంజన్ పేరు సీ లయన్. మూతపడి శిథిలమైతే స్వచ్ఛందంగా జనమే వచ్చి 1982 నుంచి మళ్లీ పట్టాలు వేశారు.
ఇంకోటి. ఫోన్ జాగ్రత్త. అక్కడ యూకే ప్లాన్ పనిచేస్తుందనుకుంటే బిల్లు పడొచ్చు, ముందే కనుక్కోండి. వాళ్ల పౌండు నోట్లు వేరు, విలువ ఒకటే. ఇంగ్లండ్ షాపుల్లో తీసుకోరు కాబట్టి అక్కడే ఖర్చుపెట్టేయండి.

పాలకొల్లు_పాప
దయ్యాల వంతెన కూడా ఉందట?

లివర్‌పూల్_శీను
దయ్యాలు కాదు, చిన్న దేవతల్లాంటివాళ్లు. కాసిల్‌టౌన్ వెళ్లే బస్సు రోడ్డు మీద వస్తుంది. దాటేటప్పుడు వాళ్లకి నమస్కారం చెప్పాలి. మనం గోదారి వంతెన మీద రైల్లోంచి చిల్లర వేసి దణ్ణం పెట్టుకోమా? అలాంటిదే.

గోదారిగట్టు
అందరికీ థాంక్స్. టికెట్లు బుక్ చేసేశాను. మా వారు కూడా వస్తానన్నారు.

గోదారిగట్టు
నిన్ననే తిరిగొచ్చాం. చెప్పకపోతే నిద్రపట్టదు.
ఓడలో అమ్మకి వాంతులు. హేషమ్ దాటిన గంటకే మొదలయ్యాయి, డగ్లస్ కనిపించేదాకా కళ్లు తెరవలేదు. గదికి చేరాక ఇంకో పిడుగు. మేం బుక్ చేసుకున్న కింది గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. అమ్మ మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్లాల్సి వచ్చింది. నాకు కోపంతో ఏడుపొచ్చింది.
స్నేఫెల్ మీద మొనగాడు గారు చెప్పినట్టే జరిగింది. లాక్సీలో ఎండ, బంగళా స్టాపు దాటాక మబ్బు. 621 మీటర్ల పైన నిలబడితే మా వారి చొక్కా రంగు తప్ప ఏమీ కనిపించలేదు. పైనుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, ఈ దీవి, సముద్రం, స్వర్గం, మొత్తం ఏడు రాజ్యాలు కనిపిస్తాయని చెప్పుకుంటారట. మాకు ఒక్కటీ కనిపించలేదు. కానీ నాన్న కొండని చూడ్డానికి రాలేదు కదా. దిగేటప్పుడు డ్రైవర్ వెనకే నిలబడి బ్రేకు శబ్దం వింటూ వచ్చారు. "ఎంత జాగ్రత్తగా దింపుతున్నాడో చూడమ్మా" అని నాలుగుసార్లు అన్నారు.
పొగబండి రోజు గురించి ఎలా చెప్పాలో తెలియడం లేదు. డగ్లస్ స్టేషన్లో గార్డు పచ్చజెండా ఊపి ఈల వేశాడు. నాన్న కుడిచేయి తనంతట తానే పైకి లేచింది, జెండా పట్టుకున్నట్టు. పదహారేళ్లయింది ఆయన రిటైరై. మేం ఎవ్వరం మాట్లాడలేదు. బల్లాసల్లాలో ఎదురు బండి వచ్చేదాకా ఆగాం. అక్కడ గార్డు మా పెట్టె దగ్గరికి వచ్చి పలకరిస్తే, మా వారు "మా మామగారు కూడా గార్డే" అని చెప్పారు. ఆయన టోపీ తీసి నాన్నకి చేయి ఇచ్చారు. పోర్ట్ ఎరిన్‌లో ఇంజన్ విప్పి, నీళ్లు పట్టి, అటు చివర తగిలించేదంతా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి చూశారు. నాన్నకి వచ్చిన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషే. ఆ అరగంట అది చాలింది.
తిరిగొచ్చేటప్పుడు కిటికీలోంచి బొగ్గు నలుసు పడి నాన్న తెల్లచొక్కా మీద మచ్చ అయింది. ఉతకొద్దన్నారు.

నౌపడా_చిన్నబండి
చదివాను తల్లీ. రెండుసార్లు చదివాను.

మైదుకూరు_మొనగాడు
ఒక్కరోజులో వెళ్లొచ్చి తీర్పు చెప్పాను, తప్పే. వచ్చే ఏప్రిల్‌లో మా అబ్బాయిని తీసుకెళ్దామనుకుంటున్నాను. అప్పుడు రైళ్లు రోజూ ఉంటాయా?

లివర్‌పూల్_శీను
సీజన్ మొదట్లో అన్ని రోజులూ నడవవు. కేలెండర్‌లో ఒక్కో రోజుకి ఒక్కో రంగు వేసి టైంటేబుల్ ఇస్తారు, రంగు చూసి బుక్ చేసుకోండి. మే చివర, జూన్ మొదట్లో మోటార్‌సైకిల్ రేసులు. అప్పుడు గదులు దొరకవు.

బోల్టన్_అమ్మ
అన్నీ చెప్పావు గానీ, అమ్మగారు ట్రాము మెట్టు ఎలా ఎక్కారో చెప్పలేదు.

గోదారిగట్టు
మీరు చెప్పినట్టు మూసిన బండే చూసుకున్నాం ఆంటీ. అయినా మొదటి మెట్టు అందలేదు. కండక్టరమ్మాయి లోపలికెళ్లి ఒక చెక్కపీట తెచ్చి కింద వేసింది. రామ్సేలో మేం దిగేలోపే మళ్లీ పీటతో కింద నిలబడి ఉంది. అమ్మ ఆ అమ్మాయి చేతిలో మిగిలిన పులిహోర డబ్బా పెట్టేసింది, నా స్టీలు డబ్బాతో సహా.